పాట కోసం ఏం వదులుకున్నారు?

పేదల పక్షాన పాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పాట పేదలకు అందాలని సొంత డబ్బు వదులుకున్నవాళ్ళు ఎందరు?

లండన్ పంక్ రాక్ బృందం 'ది క్లాష్' 1980 డిసెంబరులో 'శాండినిస్టా!' ఆల్బమ్ తెచ్చింది. 1979లో నికరాగువా నియంత సొమోజాను కూలదోసిన విప్లవకారుల పేరు అది. మూడు రికార్డులు, 36 పాటలు. అయినా దాదాపు ఒక్క రికార్డు ధరకే అమ్మించారు. అందుకోసం బ్రిటన్‌లో మొదటి 2 లక్షల ప్రతులపై రాయల్టీ వదులుకున్నారు.

పాటలు మరీ ఎక్కువయ్యాయన్న విమర్శ నిజమే. పెద్ద కంపెనీ ద్వారానే పాడారన్నదీ నిజమే. కానీ ఒక్క గైడును గదిలో పదిమందిమి పంచుకుని చదివిన మాకు ధర అంటే ఏమిటో తెలుసు. కొనలేని పాట ఎంత విప్లవం చెప్పినా మా దాకా రాదు.

మిత్రులారా, ఉద్యోగాలొచ్చాక హాస్టల్ గురించి గొప్పగా చెప్పుకునే ముందు, ఇక్కడి తమ్ముళ్ళ కోసం మనమేం వదులుకున్నామో చూసుకుందాం.