థాయ్ కోడికూర: సీసా మూత తీస్తే ఇంటి వంట అవుతుందా?

"ఇంట్లోనే చేశామండీ, బయటినుంచి తెప్పించలేదు" అనే మాటను ఆరోగ్యానికి పూచీకత్తులా వాడుకోవడం ఈమధ్య ఎక్కువైంది. థాయ్ గ్రీన్ కర్రీ విషయంలో ఈ మాట బొత్తిగా నిలవదు. దుకాణంలో కొన్న ఆకుపచ్చ మసాలా ముద్ద, డబ్బా కొబ్బరిపాలు, సీసాలోని ఫిష్ సాస్, ఈ మూడింటినీ కోడిమాంసంతో కలిపి ఉడికించి ఇంటి వంట అంటున్నాం. ఇందులో పొయ్యి ఒక్కటే మనది. ఉప్పు ఎంత పడాలో ఎక్కడో కర్మాగారంలో ముందే నిర్ణయమైపోయింది.

లెక్క చూడండి. ఒక పెద్ద చెంచా ఫిష్ సాస్‌లో సుమారు 1,400 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. నలుగురి కూరకు రెండు చెంచాలు వేస్తే 2,800. అంతటితో ఆగుతామా? కూర అనగానే మన చెయ్యి ఉప్పు డబ్బా వైపు పోతుంది. ఒక చిన్న చెంచా ఉప్పుతో మరో 2,000 పైచిలుకు చేరుతుంది. మనిషికి 1,200 మిల్లీగ్రాములు తేలింది. పెద్దవారికి రోజు మొత్తానికి 2,000 మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మసాలా ముద్దలోని ఉప్పును, పొద్దుటి చట్నీని, మధ్యాహ్నపు ఆవకాయను నేనింకా లెక్కలో వేయలేదు. రక్తపోటుకు రోజూ మాత్ర మింగుతూ, రాత్రి ఈ కూర తిని, "మందు పనిచేయడం లేదు" అని వైద్యుడిని నిందించడం ఏ పాటి న్యాయం?

అలాగని థాయ్ వంటను దోషిగా నిలబెట్టేవారితోనూ నేను ఏకీభవించను. "పరదేశపు తిండి మన ఒంటికి పడదు" అనే పెద్దలు తాము మిరపకాయ లేనిదే ముద్ద దిగని వారన్న సంగతి మరుస్తారు. ఆ మిరప అమెరికా ఖండంనుంచి పోర్చుగీసువారి ఓడలెక్కి ఇటు వచ్చినదే. ఇక రెండో వర్గం, నిమ్మగడ్డి క్యాన్సరును కరిగిస్తుందని వీడియోలు చేసేవారు. పరిమళం పరిమళమే, చికిత్స చికిత్సే. ఈ రెంటినీ కలిపినవారి మాట విని మందులు మానకండి.

నిజానికి ఆ ముద్దను ఇంట్లో నూరుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. పచ్చిమిరప, వెల్లుల్లి, చిన్న ఉల్లిపాయలు, నిమ్మగడ్డి మొదళ్లు, దుంపరాష్ట్రం, కొత్తిమీర వేళ్లు, ధనియాలు, జీలకర్ర, తెల్ల మిరియాలు. మనం చెత్తబుట్టలో పారేసే కొత్తిమీర వేళ్లే అక్కడ కూరకు ప్రాణం. దుంపరాష్ట్రం దొరకకపోతే అల్లం వేయండి. రుచి మారుతుంది, అంతే. సంప్రదాయపు ముద్దలో పులిసిన రొయ్యల ముద్ద కూడా పడుతుంది. రొయ్యలు పడనివారు, శాకాహారులు సీసా మీది చిన్న అక్షరాలు తప్పక చదవాలి. ఇంట్లో నూరితే దానిని మానుకునే స్వేచ్ఛ మీది. ఫిష్ సాస్ ఒక్క చెంచాకు తగ్గించి, వేరే ఉప్పు వేయకుండా, దించాక నిమ్మరసం పిండి చూడండి. పులుపు ఉన్నచోట ఉప్పు లోటు అంతగా తెలియదు.

కొబ్బరిపాల సంగతి. 400 మిల్లీలీటర్ల చిక్కటి డబ్బాలో సంతృప్త కొవ్వు 60 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది; మనిషి వంతు 15. మొక్కనుంచి వచ్చింది కనుక మంచిదే అనే వాదన చెల్లదు. కొబ్బరి కొవ్వు కూడా చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. అక్కడివారు చిక్కటి పాలను నూనె తేలేదాకా మరిగించి, ముద్దను అందులోనే వేయిస్తారు. మనం మాత్రం ముందుగా గరిటెడు నూనె పోసి, ఆపైన కొబ్బరిపాలు పోస్తున్నాం. ఆ నూనె ఎందుకో ఎవరైనా చెప్పగలరా? సగం డబ్బా పాలకు సగం నీళ్లు కలిపి, వంకాయ ముక్కలు ఎక్కువ వేసినా కూర కూరగానే ఉంటుంది.

చివరిగా కోడి. పచ్చి మాంసాన్ని కుళాయి ధార కింద కడిగితే శుభ్రపడదు. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు తుంపరలతో పక్కనున్న గిన్నెల మీదికి, తులసి ఆకుల మీదికి చేరతాయి. ఆ ఆకులను దించేముందు పచ్చిగానే చల్లుతాం కదా! మాంసాన్ని దుకాణంలోనే శుభ్రం చేయించండి. కడగక తప్పదనుకుంటే గిన్నెడు నీళ్లలో నెమ్మదిగా ముంచి తీసి, తొట్టిని, చేతులను సబ్బుతో కడుక్కోండి. ఆకులు తరిగే పలక వేరుగా ఉంచండి. ముక్క మధ్యలో గులాబిరంగు పోయేవరకు ఉడకనిచ్చి, మిగిలిన కూరను రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టండి.