మన సాగు లెక్కలు ఎవరి గాదెలో ఉన్నాయి?

విత్తిన తేదీలు, జీవామృతం ఇచ్చిన రోజులు, పంట ఫోటోలు అన్నీ ఫోన్‌లోనే పెడుతున్నాం కదా. ఆ ఫోన్ వెనకాల గాదె ఎవరిది? సైజు తగ్గించి ఎన్ని ఫోటోలు పెట్టినా ఉచితం అంది గూగుల్. 2021 జూన్ 1 నుంచి కొత్తగా పెట్టేవన్నీ, మెయిల్‌తో కలిపి 15 జీబీ లెక్కలోకి వచ్చాయి. దాటితే డబ్బు. వాళ్ల గాదె, వాళ్ల ఇష్టం.

నెక్స్ట్‌క్లౌడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, మన సొంత కంప్యూటర్‌లోనే పెట్టుకోవచ్చు. సాగు రికార్డుల కోసమే ఫార్మ్‌ఓఎస్ ఉంది. పీజీఎస్ సేంద్రియ గ్రూపుల్లో కనీసం 5 మంది రైతులు కలిసి ఒకరి పొలం ఒకరు చూసుకుంటున్నారు, మరి లెక్కలు కలిసి దాచుకోలేమా?

కానీ ఉచితం అని మాత్రం పోవద్దు. చెరువు ఊరిదే అయినా తూము చూడ్డానికి నీరటి ఉండేవాడు, పంట చేతికొచ్చాక రైతులు ఆయనకు గింజలు కొలిచేవాళ్లు. సర్వర్‌కీ అంతే. అప్‌డేట్లు, బ్యాకప్, కరెంటు పోతే మళ్లీ లేపడం ఎవరో ఒకరు చెయ్యాలి. ఊళ్లో కంప్యూటర్ చదివిన పిల్లలున్నారు, సరే, వాళ్లను ఊరికే చెయ్యమనకండి. ఏడాదికి ఇంటికింత అని రాసుకోండి. ఆ నీరటి దొరికేదాకా గూగుల్ ఖాతా మూసెయ్యొద్దు. ఫోటోల కాపీ ఒకటి మాత్రం ఈ వారమే హార్డ్ డిస్క్‌లోకి దించుకోండి.