పొగ ఒకరిది, దగ్గు మరొకరిది



పోయిన వానకాలంలో మేము కోరుట్ల దగ్గరి ఒక పల్లెలో గృహ ప్రార్థనకు వెళ్లాము. ఒకటే గది. జల్లు కొడుతున్నందున కిటికీ మూసి ఉన్నది. కోడలు చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నది. పక్కనే తొమ్మిది నెలల పసివాడు దగ్గుతున్నాడు. ఇంటి పెద్దాయన గడప దగ్గర కూర్చొని బీడీ వెలిగించారు. కోడలు ఒకసారి అటు చూసి తల దించుకున్నది. మేమూ చూశాము. పెద్దవారిని ఏమంటామని ఊరకున్నాము. బిడ్డ స్వస్థత కొరకు ప్రార్థించి, చాయ్ తాగి వచ్చేశాము.

దారిలో మా మనస్సాక్షి మమ్మల్ని గద్దించింది. బిడ్డ కొరకు దేవుణ్ణి అడిగిన మేము, ఆ బీడీ ఆర్పమని తాతను అడగలేకపోయాము!

మరుసటి వారం మళ్లీ వెళ్లి మెల్లగా చెప్పాము.

"పాస్టరయ్యా, నేను గడపకాడనే కూసుంటున్న గదా, పొగ బయటికే పోతది" అన్నారాయన.

"తాతా, లోపలికి రానని పొగ మీకు మాటిచ్చిందా?" అన్నాము. ఆయన నవ్వారు, తరువాత ఆలోచనలో పడ్డారు.

నోటితో వదిలే పొగ ఒక్కటే కాదు, బీడీ కొసన కాలుతూ లేచే పొగ కూడా ఇంటి గాలిలో కలుస్తుంది. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలున్నాయి, వాటిలో దాదాపు 70 క్యాన్సర్ కలిగించేవి. కిటికీ తెరిచినా, ఫ్యాను వేసినా అవి పూర్తిగా పోవు. బీడీ చిన్నది గనుక హాని తక్కువనుకోవడం పొరపాటు. పసిపిల్లలు పెద్దలకంటే వేగంగా ఊపిరి తీస్తారు. అందుకే ఉబ్బసం, న్యుమోనియా, చెవి జబ్బులు వారిని త్వరగా పట్టుకుంటాయి. గర్భిణి ఆ పొగ పీలిస్తే బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చు. జపానులో హిరయామా అనే వైద్యుడు పొగ తాగని భార్యలను ఏళ్ల తరబడి గమనించి, భర్త ఎక్కువగా తాగే ఇళ్లలో వారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ అధికమని 1981లోనే చూపాడు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీ ఎన్నో ఇళ్లకు కూడు పెడుతున్నది. సిరిసిల్లలో భర్త సాంచాల మీద, భార్య చాట ముందు కష్టపడి పిల్లలను చదివిస్తున్నారు. ఆ తల్లులను మేము నిందించము. అయితే తంబాకు దుమ్ము కూడా పిల్లలకు మంచిది కాదు. వీలైతే అరుగు మీద చుట్టండి. తంబాకును మూత గట్టిగా పెట్టి పిల్లలకు అందకుండా ఉంచండి. చేతులు సబ్బుతో కడిగి, చీర మార్చి బిడ్డను ఎత్తుకోండి.

బహిరంగ స్థలాల్లో పొగ తాగడాన్ని 2003 నాటి చట్టం నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుండి ఆ నిబంధనలు మరింత గట్టిపడ్డాయి, 200 రూపాయల వరకు జరిమానా ఉన్నది. కాని ఆ చట్టం మన గడప దాటి లోపలికి రాదు. ఇంటి చట్టం ఇంటివారే చేసుకోవాలి: ఇంట్లో ఎవరూ వెలిగించరాదు, చుట్టమైనా సరే, పండుగైనా సరే. ఆ మాట కోడలి నోట రానీయకండి. కొడుకు చెప్పాలి, లేదా మావంటివారు చెప్పాలి. మానాలనుకునేవారు 1800 112 356కు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చు.

ఆ తాత ఇంకా మానలేదు. కాని ఇప్పుడు వాన పడినా గొడుగు పట్టుకొని దూరాన వేపచెట్టు కిందికి పోతున్నారు. నోరు కడిగి, అంగీ మార్చుకున్నాకనే మనుమణ్ణి ఎత్తుకుంటున్నారు. బిడ్డను జగిత్యాల ఆసుపత్రిలో చూపించి మందులు వాడుతున్నారు.

మొన్న మేము వెళ్లినప్పుడు కోడలు తల దించుకోలేదు.