తలసరి ఆదాయము: దేనికి సాక్షి?

ఒక దేశము సంవత్సర కాలములో ఉత్పత్తి చేసిన సమస్త వస్తువుల, సేవల విలువను లెక్కగట్టి, యంత్రాదుల తరుగుదలను మినహాయించి, మిగిలిన మొత్తమును జనసంఖ్యచే భాగింపగా వచ్చు ఫలమునకు తలసరి ఆదాయమని పేరు. ప్రభుత్వములు తమ పాలనాదక్షతకు దీనినే నిదర్శనముగా చూపుచున్నవి. రాష్ట్రములు దీనినిబట్టియే తమ స్థానములను నిర్ణయించుకొని పరస్పరము స్పర్ధించుచున్నవి. ఈ సంఖ్య నిరర్థకమని నేననను. కాని ఇది దారిద్ర్యమునకు ఎంత ప్రబలమైన సాక్షియో, ఐశ్వర్యమునకు అంత దుర్బలమైన సాక్షి యనియు, ఈ భేదమును మనము విస్మరించుచున్నామనియు నా నిశ్చితాభిప్రాయము.

మన దేశమున ఈ గణనకు ఆద్యుడు దాదాభాయి నౌరోజీ. 1867–68 నాటి పంటల దిగుబడులను, ధరలను ప్రాంతములవారీగా కూర్చి, బ్రిటిషిండియాలో మనిషికి ఏటా కలుగు ఉత్పత్తి 20 రూపాయలకు మించదని ఆయన తేల్చెను. అంతటితో విడువక, ప్రభుత్వ నివేదికలనుండియే కారాగారములలో ఖైదీల తిండికి, బట్టకు అగుచుండిన వ్యయమును గ్రహించి ఆ సంఖ్యల ప్రక్కన నిలిపెను. కోస్తా, దత్తమండల ఆంధ్ర జిల్లాలు చేరియుండిన మద్రాసు రాజధానిలో మనిషికి ఉత్పత్తి 18 రూపాయలు కాగా, అదే రాజధానిలో ఒక ఖైదీ పోషణకు 53 రూపాయలు వ్యయమగుచుండెను. ఉన్నదంతయు అందరికిని సమముగా పంచిపెట్టినను, నేరస్థునికి దక్కుచున్న గ్రాసము నిరపరాధికి దక్కదని ఈ విధముగా రుజువైన పిమ్మట, ఎవరికెంత చేరుచున్నదని విచారింప నక్కరయే లేదు. కొందరు తమ పాలుకు మించి గైకొనుట లోకసహజము గనుక, తక్కినవారి స్థితి ఆ సగటుకన్నను హీనమై యుండి తీరవలెను. 1901లో వైస్రాయి కర్జను ఆ ఆదాయము 30 రూపాయలకు పెరిగినదని చెప్పుకొన్నను, ఈ తర్కమునకు అది సమాధానము కానేరలేదు.

అల్పమైన సగటు ఇట్లు పాలకులపై అభియోగమును నిస్సందేహముగా స్థాపింపగలదు. అధికమైన సగటు మాత్రము వారిని నిర్దోషులుగా విడుదల చేయజాలదు. ఏలయన, అది ఎవరి చేతులలో నున్నదో ఆ సంఖ్యలో వ్రాసియుండదు. ఈ జాతీయాదాయ గణనకు మూలపురుషులలో ఒకడైన సైమన్ కుజ్‌నెట్స్ 1934లో అమెరికా సెనేటుకు సమర్పించిన నివేదికయందే, జాతీయాదాయపు కొలతనుండి జాతి సంక్షేమమును ఊహించుట తగదని హెచ్చరించెను. స్వతంత్ర భారతము 1949లో మహలనోబిస్ అధ్యక్షతన, గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులుగా జాతీయాదాయ సంఘమును నియమించినప్పుడు ఆ కుజ్‌నెట్సే దానికి సలహాదారులలో ఒకడుగా నుండెను. ఆ సంఘము 1948–49కి తలసరి ఆదాయము సుమారు 247 రూపాయలని తేల్చెను. లెక్క వచ్చెను, హెచ్చరిక మాత్రము కాగితములలోనే నిలిచిపోయెను.

దాని ఫలితము 1963లో లోక్‌సభయందు ప్రత్యక్షమాయెను. నెహ్రూ ప్రభుత్వముపై వచ్చిన మొదటి అవిశ్వాస తీర్మానపు చర్చలో రామమనోహర్ లోహియా లేచి, ఈ దేశములో 27 కోట్ల జనులు రోజుకు మూడణాలతో బ్రతుకుచున్నారని పలికెను. ప్రధాని అది పదునైదణాలని బదులు చెప్పెను. నయాపైసలు వచ్చి ఆరేండ్లు గడచినను జనుల లెక్క ఇంకను అణాలలోనే సాగుచుండిన రోజులవి. రోజుకు పదునైదణాలనగా ఏడాదికి సుమారు 342 రూపాయలు. ఇది ఆనాటి తలసరి ఆదాయమునకు సమీపమైన మొత్తము. అనగా ప్రధాని చెప్పినది కోటీశ్వరుని, కూలివానిని కలిపి తీసిన సగటు. లోహియా అడిగినది సుమారు నలుబదినాలుగు కోట్ల జనాభాలో అట్టడుగున నున్న నూటికి అరువదిమంది సంగతి. మంత్రి గుల్జారీలాల్ నందా తుదకు ఆ అట్టడుగువారికి ఏడున్నర అణాలని చెప్పవలసి వచ్చెను. మూడణాలు సరియా, ఏడున్నర సరియా యను వివాదమును ప్రక్కన పెట్టుదము. ప్రభుత్వము వారి లెక్క ప్రకారమే సగటులో సగము మాత్రమే ఆ బహుజనులకు చేరుచుండెనని సభాముఖమున తేలినది. మన పార్లమెంటు చరిత్రలో ఇంతకన్న ప్రయోజనకరమైన గణాంక చర్చ మరియొకటి జరిగినదని నేను తలంపను.

పంపిణీ మాట అట్లుండగా, ఆదాయము ఏ చోటికి చెందినదను చిక్కు వేరొకటి కలదు. రాష్ట్రముల, జిల్లాల తలసరి ఆదాయములు ఉత్పత్తి జరిగిన స్థలమునుబట్టి గణింపబడుచున్నవి. తెలంగాణలో రంగారెడ్డి జిల్లా అగ్రస్థానమున నుండుటకు ముఖ్యకారణము మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల సాఫ్ట్‌వేరు సంస్థలు ఆ జిల్లా సరిహద్దులలో నుండుటయే. అచట జీతము గైకొనువాడు హైదరాబాదులోనో, మేడ్చల్‌లోనో కాపురముండవచ్చును. లాభము విదేశపు వాటాదారునకు పోవచ్చును. అదే జిల్లాలోని మెట్టపొలపు రైతు పేరుననూ ఆ లక్షల సగటు వ్రాయబడును. ఇందుకు విపర్యయముగా, గల్ఫు దేశములలో చెమటోడ్చి నిజామాబాదు, జగిత్యాల పల్లెలకు మనవారు పంపు ధనము రాష్ట్ర స్థూలోత్పత్తిలో చేరదు. ఇంటిలో తెల్లవారుజామునుండి స్త్రీలు చేయు చాకిరి ఈ లెక్కలో చేరదు. ఐర్లండులో బహుళజాతి సంస్థలు తమ మేధోసంపత్తి హక్కులను ఆ దేశపు ఖాతాలకు తరలించినందున 2015లో స్థూలోత్పత్తి ఒక్క యేట నాలుగవ వంతుకు మించి పెరిగినట్లు కనబడగా, ఆ దేశపు గణాంక శాఖయే సిగ్గుపడక వేరొక కొలతను నిర్మించుకొనెను. ఆ నిజాయితీ మనకు అనుసరణీయము.

మనము చేయదగినది దుష్కరము కాదు. జనులను ఆదాయక్రమమున వరుసగా నిలిపినచో సరిగా నడుమ నున్నవాని ఆదాయమును మధ్యగతమందురు. కోటీశ్వరుల ఆదాయము ఎంత పెరిగినను అది చలింపదు. ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు ఏటేట ప్రకటించు సామాజిక ఆర్థిక సర్వేలలో తలసరి ఆదాయము ప్రక్కనే దీనిని కూడ ముద్రింపవలెను. ఇందుకు కుటుంబముల నిజమైన ఆదాయములు తెలియవలెను గదా! మన దేశమున ఇంతవరకు ప్రధానముగా వ్యయమునే అడిగి తెలిసికొనుచున్నారు; దేశమందలి కుటుంబములన్నింటి ఆదాయమును అడుగుటకు ప్రభుత్వము పూర్వము చేసిన యత్నములు ప్రాయోగిక దశ దాటలేదు. 2026లో గృహాదాయ సర్వే జరుపుటకు సంకల్పించినట్లు కేంద్ర గణాంక శాఖ 2025లో ప్రకటించినది. సంపన్నులు దాచుటచేతను, పేదలు భయపడుటచేతను ఇట్టి సర్వేలు విఫలమగుచుండును. కావున పాఠకులకు నా విన్నపము: అట్టి సర్వేకై గణకుడు మీ గుమ్మమునకు వచ్చినచో, ఆయనను లోపలికి పిలిచి, కూర్చుండబెట్టి, మీ ఆదాయమును ఉన్నదున్నట్లుగా చెప్పుడు.