కిరాయి ఇంట్ల మన ముచ్చట

సికింద్రాబాద్ చిలకలగూడల కిరాయికుంటున్న. ఓనర్ పొమ్మంటే సామాన్లు సర్దుడే. ఫేస్‌బుక్, ట్విట్టర్ల మన బతుకూ గంతే.

2019ల సుప్రీంకోర్టు సీనియర్ వకీలు సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ బంద్ వెట్టింది. కోపమొచ్చి ఆ నవంబర్ల మనదేశపోళ్లు శానామంది మాస్టోడాన్‌కు పోయిన్రు. అండ్ల అందరి మీద ఒక్క మాలిక్ ఉండడు. ఎవరి సర్వర్ వాళ్లే నడుపుకోవచ్చు. 2022ల మస్క్ ట్విట్టర్ కొన్నంక మల్లొక గుంపు కదిలింది. నేను గూడ పోయిన. మా ఊరి దోస్తులు ఒక్కలు లేరు. వారానికే వాపస్ వచ్చిన.

తప్పు యాప్‌ది కాదు, నేను ఒక్కన్నే పోవుడు తప్పు. జహీరాబాద్ దిక్కు మాచనూర్ల దళిత ఆడోళ్లు 2008ల సంఘం రేడియో పెట్టిన్రు. వాళ్లకు ముందుగాల సంఘం, ఎన్కనే రేడియో.

తమ్ముళ్లూ, సర్వర్‌కు పైసలు గావాలె, సూసుకునే మనిషి గావాలె. ముందు ఊర్ల పదిమందిని జమ చెయ్యిన్రి. జాగ ఎన్కసిరి సూద్దాం.