రోబో సరే, ఆ మూడు నెలల మాటేమిటి?

పక్షవాతం వచ్చినవారిని నడిపించే రోబోలు సర్కారు ఆసుపత్రులకూ రావాలని కొందరు, అదంతా కార్పొరేట్ల కొత్త దోపిడీ అని మరికొందరు వాదిస్తున్నారు. అసలు విషయం ఇద్దరూ ఎత్తరు. అది పక్షవాతం (స్ట్రోక్) వచ్చిన తర్వాతి మొదటి మూడు నెలలు. ఆ గడువుకు భరోసా ఇవ్వని ప్రభుత్వం రోబో కొన్నా, కొనకపోయినా రోగికి ఒరిగేది లేదు.

వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2020లో 62 ప్రయోగాలను, 2,440 మంది ఫలితాలను కలిపి పరిశీలించింది. ఫిజియోథెరపీకి యంత్రం తోడైతే ఒకరి ఆసరా లేకుండా నడిచేవారు పెరుగుతారని తేల్చింది. గమనించండి, ఫిజియోథెరపీకి తోడుగానే, దాని బదులుగా కాదు. ఎక్కువ మేలు పొందేది కూడా స్ట్రోక్ వచ్చి మూడు నెలలు దాటనివారు, ఇంకా అడుగు వేయలేనివారు.

ఇందులో మాయ లేదు. రోగికి పట్టీలు బిగించి ట్రెడ్‌మిల్ మీద నిలబెడతారు. ఒంటి బరువు కొంత పట్టీలే మోస్తాయి. తుంటి దగ్గర, మోకాలి దగ్గర ఉన్న మోటార్లు కాళ్లను ఆడిస్తాయి. ఇద్దరు ఫిజియోలు చెమటోడ్చి కొద్ది అడుగులు వేయించే సమయంలో యంత్రం వందల అడుగులు వేయిస్తుంది. మెదడు నడకను మళ్లీ నేర్చుకోవాలంటే ఆ పునశ్చరణే కావాలి. కాస్తో కూస్తో నడిచేవారి సంగతి వేరు. 2009లో అమెరికాలో అలాంటి 63 మందిపై జరిగిన ప్రయోగంలో లోకోమాట్ రోబో కన్నా మామూలు ఫిజియోథెరపీయే నడక వేగాన్ని, దూరాన్ని ఎక్కువ పెంచింది.

మరి మన రోగి ఆ మూడు నెలలు ఎక్కడుంటాడు? ఇంట్లో, మంచం మీద. ఆయుష్మాన్ భారత్‌లో డిశ్చార్జి తర్వాతి ఖర్చులకు గడువు 15 రోజులే. కావలసింది మూడు నెలలు, ఇచ్చేది 15 రోజులు! ఈలోగా చీలమండ బిగుసుకుపోతుంది, పాదం వాలిపోతుంది, పట్టుకుని లేపబోతే భుజం జారుతుంది. ఎవరో చెప్పిన పసరు మందు కోసం ఇంటిల్లిపాదీ ఊళ్లు తిరుగుతారు. ఫిజియో దగ్గరికి చేరేసరికి గడువు దాటిపోతుంది.

ఇంట్లోవాళ్లకే నేర్పితే సరిపోతుందనేవారికీ జవాబుంది. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో అటెండ్ ప్రయోగం చేసి చూశారు. 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం, కుటుంబానికి శిక్షణ ఇచ్చినా మరణాలు గానీ, పరాధీనత గానీ తగ్గలేదు. కోడలి చేతికో కొడుకు చేతికో కాగితం ఇచ్చి పంపడం పునరావాసం కాదు.

తిరువనంతపురం జనరల్ ఆసుపత్రిలో కేరళ ప్రభుత్వం స్వదేశీ నడక రోబో జీ-గెయిటర్‌ను పెట్టింది. ప్రభుత్వ రంగంలో ఆ చొరవ మంచిదే. పెద్దాసుపత్రికి ఒకటి ఉంటే నేనూ సంతోషిస్తాను. కానీ రోగి వారానికి ఐదు రోజులు అక్కడికి ఎలా వస్తాడు? మండలం నుంచి ఆటో కిరాయి ఎవరిస్తారు? వెంట వచ్చే మనిషి పోగొట్టుకునే కూలి మాటేమిటి? వీటికి జవాబు లేకుండా కొనే యంత్రం ఫొటోలకే పనికొస్తుంది.

రెండు తెలుగు ప్రభుత్వాలకూ సూటిగా చెబుతున్నాను. స్ట్రోక్ రోగి డిశ్చార్జి కాగితంతో పాటే 90 రోజుల ఫిజియోథెరపీ హామీ చేతిలో పెట్టండి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో ఫిజియో పోస్టులు నింపండి. నడవలేనివారికి రానుపోను ఖర్చులివ్వండి. రోబో టెండర్లు ఆ తర్వాత పిలవండి.