హెచ్చరిక: డిసెంబరు పరుగుకు ఇప్పుడే కళ్లెం వేయండి

సంఘాల్లో కమిటీలు కూర్చుంటున్నాయి. సెమీ క్రిస్మస్ తేదీలు, క్యారల్స్ రౌండ్లు తిరిగే వీధులు, స్టేజీ, సౌండు, భోజనాల ఖర్చు, ముఖ్య ప్రసంగీకుల పేర్లు ఒక్కొక్కటే ఖాయమవుతున్నాయి. కరపత్రాలు ప్రెస్సుకు వెళ్లకముందే ఈ మాట చెప్పాలి. క్రిస్మస్ పేరుతో నెలంతా మనం పెడుతున్న పరుగు మన ఇళ్లలోని సమాధానాన్ని మింగేస్తోంది. ఆరోగ్యాలు దెబ్బతింటున్నాయి, అప్పులు పెరుగుతున్నాయి, కొన్నిచోట్ల ప్రాణాల మీదికే వస్తోంది. తేదీలు ప్రకటించాక రద్దు చేసే ధైర్యం ఎవరికీ ఉండదు. తగ్గించుకోవాలంటే ఇప్పుడే తగ్గించుకోవాలి.

ఒక మామూలు విశ్వాసి కుటుంబానికి డిసెంబరు ఎలా గడుస్తుందో చూడండి. సొంత సంఘం సెమీ క్రిస్మస్, స్త్రీల కూడిక వారిది, యూత్ వారిది, సండే స్కూల్ పిల్లల నాటిక, ఆఫీసులో ఒకటి, కాలేజీలో ఒకటి, అత్తగారి ఊరి సంఘంలో ఒకటి. మధ్యలో క్యారల్స్ ప్రాక్టీసు, ఇంటికి సున్నం, దర్జీ చుట్టూ తిరుగుళ్లు, పిండివంటలు. ఇరవై అయిదో తేదీ ముగిసిందనుకుంటే డిసెంబరు 31 రాత్రి ఆరాధన ఉండనే ఉంది. పాస్టర్ గారి పరిస్థితి ఇంకా కష్టం. ఉదయం ఒక ఊళ్లో, సాయంత్రం మరో ఊళ్లో, రాత్రి మూడో ఊళ్లో ప్రసంగం. సొంత బిడ్డల పక్కన కూర్చుని అన్నం తినడానికి ఆయనకు వీలు చిక్కదు.

ఈ నెలను సంఘం ఇందుకు ఏర్పరచలేదు. క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారంతో ఆగమన కాలం మొదలవుతుంది. అది నవంబరు 27, డిసెంబరు 3 మధ్య ఏదో ఒక తేదీన వస్తుంది. 6వ శతాబ్దంలో నేటి ఫ్రాన్స్ ప్రాంతపు సంఘాలు నవంబరు 11 నుంచి క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు ఉపవాసం పాటించేవి. ఈనాటికీ కతోలిక ఆలయాల్లో గురువులు ఈ రోజుల్లో ఊదారంగు వస్త్రాలు ధరిస్తారు. మూడో ఆదివారం మాత్రం గులాబీ రంగు, ఎందుకంటే అది సంతోషపు ఆదివారం. కనిపెట్టుకుని ఉండటం, మనసు సరిచేసుకోవడం, ఆ తర్వాతే పండుగ. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో యోహాన్ విఖెర్న్ అనే పాదిరిగారు తన ఆశ్రమంలోని పేదపిల్లల కోసం చెక్క చక్రం మీద కొవ్వొత్తులు అమర్చి రోజుకొకటి వెలిగించారు. పండుగ ఎప్పుడని రోజూ అడిగే పిల్లలకు ఎదురుచూడటం నేర్పిన పద్ధతి అది. ఇవాళ మనం డిసెంబరు ఒకటినే కేకు కోసేస్తున్నాం. ఇరవై అయిదు వచ్చేసరికి పాడటానికి గొంతు ఉండదు, నిలబడటానికి కాళ్లుండవు.

అలసటతో ఆగిపోతే అది ఎవరి ఇంటి సంగతి వారు చూసుకోదగ్గదే. అక్కడ ఆగడం లేదు గనకే ఇది హెచ్చరిక అవుతోంది.

రాత్రి రౌండ్లు

క్యారల్స్ బృందం రాత్రి ఎనిమిదికి బయల్దేరుతుంది. జాబితాలో ముప్పై, నలభై ఇళ్లు. ప్రతి ఇంటి ముందు ఒక పాట, ఒక ప్రార్థన, కేకు ముక్క, టీ. చివరి ఇంటికి చేరేసరికి ఒంటిగంటన్నర. ఆ ఇంట్లో షుగరున్న పెద్దావిడ గుమ్మం దగ్గర కుర్చీలో కునికిపాట్లు పడుతూ ఉంటుంది. ‘అయ్యగారు వస్తారు, పడుకుంటే బాగుండదు’ అని అన్నం కూడా వాయిదా వేసుకుని ఉంటుంది. బయట ట్రాక్టరు ట్రక్కులో జనరేటరు, డ్రమ్ములు, వాటి మధ్య పాతికమంది. శాంతాక్లాజ్ వేషం వేసిన పిల్లవాడు ట్రక్కు అంచున కూర్చునే నిద్రపోయాడు. ముందు సీటులో ఉన్నవాడు మూడు రాత్రులుగా సరిగ్గా కన్ను మూయలేదు. ఆ ట్రక్కు ఇప్పుడు మంచు కమ్మిన హైవే మీదికి ఎక్కబోతోంది. ఏ తల్లీ ఈ స్థితిలో తన బిడ్డను పంపదు. సంఘం పేరు చెప్తే మాత్రం అందరం పంపుతున్నాం.

సరుకుల ట్రక్కుల్లో మనుషుల్ని ఎక్కించడం చట్టానికి విరుద్ధం. మలుపులో ఒక్క కుదుపు చాలు, అంచున కూర్చున్నవాళ్లు రోడ్డు మీద పడతారు. వెనక ఎర్ర లైటు లేని ట్రక్కు మంచులో వెనక వచ్చే లారీకి కనిపించదు. కాబట్టి క్యారల్స్‌కు నడిచి వెళ్లండి, లేదా సీట్లున్న వాహనం మాట్లాడుకోండి. జనరేటరును మనుషుల మధ్య పెట్టకండి. పగలంతా పని చేసినవాడికి రాత్రి స్టీరింగు ఇవ్వకండి. ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేయాలని బృందంలో ప్రతి పిల్లవాడికీ తెలిసి ఉండాలి.

మరో సంగతి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బహిరంగంగా మైకు వాడకూడదు. పండుగ రోజుల్లో అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నా, అది ఏడాదికి పదిహేను రోజులు మించకూడదు. నియమం సంగతి అలా ఉంచినా, పక్కింట్లో పసిబిడ్డ నిద్రలేచి ఏడుస్తుంటే మన పాటలోని సమాధానం ఆ తల్లికి ఎలా చేరుతుంది? రాత్రి పదికల్లా రౌండ్లు ముగించండి. ఇళ్లు ఎక్కువైతే రోజులు పెంచకండి, నాలుగైదు ఇళ్లవారిని ఒకచోట కూర్చోబెట్టి పాడండి.

డాబా మీది స్టారు

ఎవరి స్టారు ఎత్తుగా ఉంటే వారిదే పండుగ అన్న పోటీ వీధుల్లో పెరిగింది. ఇనుప గొట్టానికి స్టారు కట్టి, పిట్టగోడ మీద నిలబడి పైకెత్తుతారు. పక్కనే కరెంటు తీగలు. ఇనుము తగలక్కర్లేదు, మంచుకు తడిసిన వెదురుబొంగులో నుంచి కూడా కరెంటు పాకుతుంది. హైటెన్షన్ తీగ అయితే తాకకుండా దగ్గరికి వెళ్లినా లాగేస్తుంది. తీగలున్న వైపు స్టారు కట్టనే కట్టకండి. అతుకులు వేసిన వైరు, పిన్ను లేకుండా ప్లగ్గులో దోపిన తీగలు, నేల మీద తడిలో పడి ఉన్న జాయింట్లు పిల్లలు తిరిగే చోట ఉండకూడదు. పశువులపాక బొమ్మ పెట్టే చోట ఎండుగడ్డి, దూది, రంగు కాగితాలు ఉంటాయి. వాటి మధ్య వేడెక్కే బల్బు పెట్టవద్దు, పడుకునే ముందు స్విచ్ ఆపండి. తీగ తెగిపడితే దాని దగ్గరికి వెళ్లకుండా విద్యుత్ శాఖ 1912 నంబరుకు చెప్పండి.

పండుగ అప్పు

ఇంటిల్లిపాదికీ కొత్తబట్టలు, బంధువులకు బట్టలు పెట్టడం, బిర్యానీ, సంఘం చందా, స్పెషల్ కానుక. కూలి పనికి వెళ్లే కుటుంబం డిసెంబరు రెండో వారంలో గ్రూపు లోను తీసుకుంటుంది. అది చాలకపోతే ఫోనులో లోన్ యాప్. జనవరిలో సంక్రాంతికి మళ్లీ ఖర్చు. ఫిబ్రవరి కిస్తీలకు పుస్తెలు తాకట్టులోకి వెళ్తాయి. తెలుగు నేలకు ఈ పాఠం కొత్త కాదు. సూక్ష్మరుణాల వసూళ్ల ఒత్తిడికి ప్రాణాలు పోయిన రోజుల్లోనే, 2010 అక్టోబరులో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ప్రకారం, ఒక కుటుంబం నెలనెలా కట్టే అప్పుల కిస్తీలన్నీ కలిపి ఆ ఇంటి నెల ఆదాయంలో సగం దాటకూడదు. సంతకం పెట్టే ముందు ఆ లెక్క మీరే వేసుకోండి. ఫోనులోని పేర్లు, ఫొటోలు చూసేందుకు అనుమతి అడిగే యాప్ జోలికి వెళ్లకండి. ఆన్‌లైన్‌లో మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి.

సంఘ పెద్దలకు ఒక విన్నపం. చందా ఇచ్చినవారి పేర్లు మైకులో మొత్తాలతో సహా చదవడం ఆపండి. ఆ పేర్ల వరుసలో తన పేరు చిన్న మొత్తంతో వినపడుతుందన్న సిగ్గుతోనే చాలామంది అప్పు చేస్తున్నారు. గల్ఫ్‌లో పనిచేస్తున్న బిడ్డల మీద కూడా ఈ భారం పడుతోంది. ‘పక్కింటి వాళ్లు అంత పెట్టారు’ అనే మాట ఫోనులో వినగానే అక్కడ తన తిండి తగ్గించుకుని డబ్బు పంపే కొడుకులున్నారు. ఈ డిసెంబరులో వారికి ఫోన్ చేస్తే ముందు ‘తిన్నావా’ అని అడగండి.

వంటింట్లో, ఒంట్లో

పండుగ భారమంతా చివరికి మోసేది ఆడవాళ్లు. ఇరవై నాలుగు రాత్రి ఆరాధన నుంచి వచ్చి, కాస్త నడుం వాల్చి, తెల్లవారుజామునే పొయ్యి వెలిగించాలి. తొమ్మిదింటికి ఆరాధన, మధ్యాహ్నం బంధువులు, సాయంత్రం పిల్లల ప్రోగ్రాం. బీపీ మాత్ర వేసుకోవడం రెండు రోజులు మరిచిపోయిందని మూడో రోజు తల తిరిగాకగానీ తెలియదు.

ఒళ్లు ఈ సంగతి ముందే చెబుతుంది. స్వీడన్‌లో 1998 నుంచి 2013 వరకు నమోదైన 2 లక్షల 80 వేలకు పైగా గుండెపోట్లను వైద్యులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఆ దేశంలో క్రిస్మస్ వేడుక ముఖ్యంగా జరిగేది డిసెంబరు 24నే. మామూలు రోజులతో పోలిస్తే ఆ రోజు గుండెపోట్లు 37 శాతం ఎక్కువగా, అందులోనూ రాత్రి పదిగంటల ప్రాంతంలో మరీ ఎక్కువగా కనిపించాయి. 75 ఏళ్లు దాటినవారికి, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారికి ముప్పు మరింత హెచ్చు. మన వాతావరణం వేరు, మన తిండి వేరు. అయినా నిద్రలేమి, ఉద్రేకం, అతిగా తినడం, మందులు మరవడం మన ఇళ్లలోనూ ఉన్నవే. ఛాతీలో నొప్పి, ఎడమచేతికి పాకే లాగుడు, చెమటలు, ఆయాసం వస్తే ‘ఆరాధన అయ్యాక చూద్దాం’ అనకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఈ హడావుడిలో మన కంటికి కనబడని మనుషులు మరికొందరున్నారు. ఈ ఏడాదే భర్తను పోగొట్టుకున్న ఆవిడ, పరీక్ష తప్పిన కుర్రాడు, బిడ్డలంతా విదేశాల్లో ఉన్న ముసలి దంపతులు. వీధంతా లైట్లు వెలుగుతుంటే వాళ్లకు చీకటి ఇంకా చిక్కనవుతుంది. ప్రోగ్రాం పనుల్లో పడి వాళ్ల గుమ్మం తొక్కకపోతే మన క్రిస్మస్ తప్పినట్టే. మనసు కుంగి బతుకు మీద ఆశ పోయినవారు కనిపిస్తే ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు.

ఏం చేయాలి

సమాధానం పనులన్నీ అయ్యాక మిగిలేది కాదు. దానికి ముందుగా చోటు కేటాయించాలి. బేత్లెహేములో ఆ రాత్రి జరిగినదాంట్లో స్టేజీ లేదు, విందు లేదు. సత్రంలో చోటు దొరకని పేద దంపతులు, పశువుల తొట్టి, రాత్రి కాపలా ముగించుకోకుండానే పరుగెత్తి వచ్చిన గొర్రెల కాపరులు. కాపరులు బిడ్డను చూసి, సంతోషంతో తిరిగి తమ పనికి వెళ్లారని లూకా రాశాడు. మరియ మాత్రం ఆ సంగతులన్నీ మనసులో దాచుకుని తలపోసుకుంది. అలా తలపోసుకునేంత తీరిక మన తల్లులకు ఈ డిసెంబరులో దొరకాలి.

మెదక్ చర్చిని చూసి మురిసిపోతాం. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవారికి పని, తిండి దొరకాలని మిషనరీ చార్లెస్ పోస్నెట్ ఆ కట్టడాన్ని తలపెట్టారు. పదేళ్లు కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. ఆకలిగొన్నవాడి విస్తరితో మొదలైన పని అంత గొప్ప ఆలయమైంది. మన సెమీ క్రిస్మస్ ఖర్చును ఆ వెలుగులో ఒకసారి చూసుకోవాలి.

కమిటీలు ఈ వారమే చేయగలిగినవి ఇవి. ఒకే ఊళ్లోని రెండు మూడు సంఘాలు, కూడికలన్నీ కలిసి ఒక్క సెమీ క్రిస్మస్ పెట్టుకోండి. వారంలో కనీసం రెండు సాయంత్రాలు ఏ కార్యక్రమమూ లేదని ఆదివారం ఆరాధనలోనే ప్రకటించండి. పాస్టర్ గారికి, అమ్మగారికి వారంలో ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వండి, ఆ రోజు ఫోన్లు చేయకండి. భోజనాల దగ్గర వంట, వడ్డన, గిన్నెలు కడగడం మగవాళ్లు తీసుకోవాలి. డ్యాన్సు పోటీల్లో ఓడిన పిల్లలు ఏడుస్తూ ఇంటికి వెళ్లే పద్ధతి మానాలి.

ఇంట్లో చేయగలిగినవి ఇంకా సులువు. ఖర్చు ఎంతో భార్యాభర్తలు ముందే కాగితం మీద రాసుకుని, అంతకు మించితే బట్టలైనా తగ్గించాలి. రోజూ రాత్రి టీవీ, ఫోన్లు కట్టేసి అందరూ కలిసి పది నిమిషాలు వాక్యం చదివి, ఒక పాట పాడుకోవాలి. పిలిచిన ప్రతి కూడికకూ వెళ్లనక్కర్లేదు. ‘ఈసారి రాలేమండీ, మీ కోసం ప్రార్థన చేస్తాం’ అనడం అమర్యాద కాదు. ఆ మిగిలిన సాయంత్రం ఒంటరిగా ఉన్న ఒక్కరి ఇంటికి వెళ్లి గంటసేపు కూర్చోండి. సంతోషం కావాలని వెతుకుతున్నవారికి అది అక్కడ దొరుకుతుంది.

సంఘ పెద్దలారా, తల్లిదండ్రులారా, యూత్ నాయకులారా. ఈ ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు డిసెంబరు జాబితా తీయండి. అందులో మూడు కార్యక్రమాలు కొట్టేయండి, రాత్రి పది తర్వాతి రౌండ్లన్నీ కొట్టేయండి, అప్పు చేస్తే తప్ప సాగని ఖర్చు కొట్టేయండి. వచ్చే ఏడాది చూద్దామని వాయిదా వేస్తే ఈ ఏడాది నష్టపోయేది మన పిల్లలూ మన ఇంటి ఆడవాళ్లే.